పేజ్‌మేకర్‌లోని పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చాలి, తప్పులు ఎక్కడ దొర్లుతాయి?

పాత_సంచిక అడిగిన ప్రశ్న:

2003 నుంచి 2015 దాకా ఒక మాసపత్రిక సంచికలు, దాదాపు 150, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 ఫైళ్లుగా ఉన్నాయి. అన్నీ అను అనే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లే. వీటిని యూనికోడ్‌లోకి తెచ్చి వెబ్‌సైట్‌లో పెట్టాలి, వెతికితే దొరకాలి. కొన్ని వ్యాసాలు ఇన్‌డిజైన్‌లో మళ్లీ పేజీలు కట్టి పుస్తకంగా వేయాలి.

ప్రయోగంగా ఒక వ్యాసం కాపీ చేసి ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు బాగానే వచ్చింది. కానీ మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు అర్థం లేని తెలుగు అక్షరాలైపోయాయి. ‘ప్రమాదం’ కాస్తా ‘ప్రవూదం’ అయింది. ‘రాష్ట్రం’ చూడటానికి సరిగానే ఉంది గానీ వెతికితే దొరకడం లేదు. ఇలా మార్చి ఒక్కో పేజీ దిద్దుకుంటూ పోవాలా, లేక ముద్రించిన కాపీలు స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో చదివించడం) చేయడమే నయమా? పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్, అందులో పేజ్‌మేకర్, అను రెండూ ఇంకా పనిచేస్తున్నాయి. ఇన్‌డిజైన్ సీఎస్6 డిస్కు కూడా లైసెన్సుతో సహా ఉంది.

అచ్చుగూడు జవాబు:

ఆ ఎక్స్‌పీ కంప్యూటర్ బతికి ఉండగానే ముందు ఒక పని చేయండి. ప్రతి సంచికనూ ఫాంట్లు పొదిగి పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోండి. రేపు ఏ మాట దగ్గర అనుమానం వచ్చినా తేల్చేది ఆ పీడీఎఫే. అను ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే పేజ్‌మేకర్ వేరే ఫాంటు పెట్టమంటారా అని అడుగుతుంది. సరే అని సేవ్ చేశారంటే ఏ ముక్క ఏ ఫాంటులో ఉండేదో ఆనవాలు పోతుంది. అందుకే అసలు ఫైళ్ల నకలు ఒకటి విడిగా ఉంచి దాన్ని ముట్టుకోకండి.

కాపీ చేసి కన్వర్టర్‌లో అతికించడం మానేయండి. మీ ఇంగ్లిష్ మాటలు పాడవడానికి కారణం అదే. అను ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉన్న కోడ్‌ల మీదే కూర్చుంటాయి. ఇది తెలుగు, ఇది ఇంగ్లిష్ అని చెప్పేది ఫాంటు పేరు ఒక్కటే. ఉత్త టెక్స్ట్‌గా కాపీ చేసినప్పుడు ఆ పేరు రాలిపోతుంది. కన్వర్టర్‌కు తేడా తెలిసే దారి ఉండదు.

కాబట్టి ఆర్‌టీఎఫ్‌గా తీయాలి, అందులో ఫాంటు పేరు నిలుస్తుంది. పేజ్‌మేకర్‌లో టెక్స్ట్ టూల్‌తో వ్యాసంలో కర్సర్ పెట్టి, ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లి ఆర్‌టీఎఫ్ ఎంచుకోవాలి. చిక్కేమిటంటే ఒక్కసారికి ఒక్క స్టోరీయే వస్తుంది. ఒకదానికొకటి కలపని టెక్స్ట్ బ్లాకులు ఎన్ని ఉంటే అన్నిసార్లు చేయాలి. 150 సంచికలకు అది అయ్యే పని కాదు.

మీ దగ్గర సీఎస్6 ఉండటం అదృష్టం. పేజ్‌మేకర్ 6.0 నుంచి 7 వరకు ఉన్న ఫైళ్లను అది నేరుగా తెరుస్తుంది, ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. ఫైల్‌ను పేజ్‌మేకర్‌లో మూసేసి, నెట్‌వర్క్ నుంచి కాకుండా లోకల్ డిస్క్ నుంచి, అను ఫాంట్లు ఎక్కించిన కంప్యూటర్‌లో తెరవండి. తర్వాత స్క్రిప్ట్స్ ప్యానెల్‌లో నమూనాగా ఇచ్చిన స్క్రిప్టుల్లో ‘ఎక్స్‌పోర్ట్ ఆల్ స్టోరీస్’ నడిపితే సంచికలోని స్టోరీలన్నీ ఒకేసారి ఆర్‌టీఎఫ్‌లుగా ఒక ఫోల్డర్‌లో పడతాయి. పేజీ లేఅవుట్ కాస్త చెదిరినా పట్టించుకోవద్దు. మనకు కావలసింది పాఠమే.

వత్తుపొల్లు జవాబు:

పైన చెప్పిన దారే సరైనది. ఓసీఆర్ వద్దని గట్టిగా చెబుతాను. అసలు ఫైల్ లేని సంచికలకే అది. ఓసీఆర్ ఒకే మాటను ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో మరోలా చదువుతుంది, వత్తుల దగ్గర మరీ. దాన్ని దిద్దాలంటే ప్రతి వాక్యం కళ్లతో చూడక తప్పదు. కన్వర్టర్ తప్పు చేసినా 150 సంచికల్లోనూ అదే తప్పు చేస్తుంది. అంటే ఒక్క నియమం రాస్తే అన్నిచోట్లా పోతుంది. దిద్దవలసింది పాఠాన్ని కాదు, ఏ అను ముక్కకు ఏ యూనికోడ్ అక్షరమో చెప్పే మార్పిడి పట్టికను.

తప్పు ఎందుకొస్తుందో ‘స్త్రీ’ అన్న ఒక్క మాటలో చూడొచ్చు. అను ఫైల్లో అది గీసిన వరుసలో ఉంటుంది: సీ అనే బొమ్మ, తర్వాత వత్తుల బొమ్మలు. యూనికోడ్‌లో ఉచ్చారణ వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడి దీర్ఘం. మొత్తం ఆరు కోడ్‌లు. కన్వర్టర్ గుడి దీర్ఘాన్ని సీ నుంచి ఊడదీసి, వత్తులు దాటించి చివర పెట్టాలి. పెట్టకపోతే చుక్కల వలయం కనిపిస్తుంది, అది వెంటనే కంటబడుతుంది. కంటబడని తప్పు రెండోది: ర వత్తు బొమ్మ ముందు వచ్చి త వత్తు తర్వాత వస్తే కన్వర్టర్ దాన్నలాగే ఉంచి ‘స్ర్తీ’ అని ఇస్తుంది. మీ ‘రాష్ట్రం’ దొరకకపోవడానికి కారణం ఇదే, లోపల అది ‘రాష్ర్టం’. నెట్‌లో తెలుగు వార్తల పాత పేజీల నిండా ఇదే రోగం.

దీన్ని ‘ర్ట’ ఉన్నచోటల్లా తిప్పి దిద్దకూడదు. ‘కోర్టు’ పాడైపోతుంది. ముందు పొల్లు ఉన్నప్పుడే తిప్పాలి: ‘ష్ర్ట’ను ‘ష్ట్ర’గా, ‘స్ర్త’ను ‘స్త్ర’గా. రాష్ట్రం, శాస్త్రం, వస్త్రం, స్త్రీ అన్నీ ఈ రెండు నియమాలతో కుదుటపడతాయి.

‘ప్రవూదం’ వేరే జాతి తప్పు. మ ఆకారం వ పక్కన కొమ్ము పెట్టినట్టే ఉంటుంది. ఫాంటులో అది ముక్కలుగా ఉంటే కన్వర్టర్ మ ను ‘వు’ అని, మా ను ‘వూ’ అని అనుకుంటుంది. వుంత్రి, వుహిళ, సవూవేశం అన్నీ ఇందువల్లే. ఇక్కడ గుడ్డిగా మార్చడం ప్రమాదం. ‘గోవు’ ‘గోమ’ అవుతుంది. పట్టికలో ఆ రెండు ముక్కల జతకు మ అని విడిగా ఒక వరుస చేర్చి, అది ఒంటి వ కంటే ముందు సరిపోల్చేలా పెట్టండి. ఏ పట్టికలోనైనా పొడవైన జతలు ముందు, ఒంటి ముక్కలు తర్వాత ఉండాలి. ఈ వరుస తప్పితే సగం తప్పులు అక్కడే పుడతాయి.

మరికొన్ని వెతకండి. ‘ఋషి’కి బదులు ‘బుుషి’, అంటే బు మీద ఇంకో కొమ్ము. సున్నకు బదులు తెలుగు అంకె ౦: ‘మంచి’, ‘మ౦చి’ పక్కపక్కన పెట్టినా కొన్ని ఫాంట్లలో తేడా తెలియదు. విసర్గకు బదులు కోలన్: ‘దు:ఖం’. పొల్లు తర్వాత విడిగా ఉండాల్సిన హల్లు వత్తుగా మారిపోవడం: ‘ఫేస్‌బుక్’ పోయి ‘ఫేస్బుక్’. ఈ చివరిదానికి పొల్లు బొమ్మ వెంటనే నిండు హల్లు వస్తే మధ్యలో జడ్‌డబ్ల్యుఎన్‌జె (అక్షరాలు కలవకుండా ఆపే, కనిపించని గుర్తు) పెట్టమని పట్టికలోనే నియమం ఉండాలి. చేత్తో పెట్టాలంటే విండోస్ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కండి.

పైథాన్_పందిరి జవాబు:

ఆర్‌టీఎఫ్‌లను లిబ్రెఆఫీస్‌తో డాక్స్ (వర్డ్ ఫైల్)లోకి మార్చి, పైథాన్‌లో డాక్స్ లైబ్రరీతో ఒక్కో రన్ (ఒకే ఫార్మాటింగ్ ఉన్న పాఠపు ముక్క) చదవండి. రన్ ఫాంటు పేరు అను కుటుంబానిదైతే పట్టికలో వేయండి, కాకపోతే ముట్టుకోకుండా వదలండి. ఇక్కడ మూడు గోతులున్నాయి.

మొదటిది, రన్‌కు ఫాంటు పేరు ఖాళీగా రావచ్చు. అంటే అది పేరా స్టైల్ నుంచి వస్తోందని. ఇంగ్లిష్ అనుకుని వదిలేయకండి, స్టైల్ ఫాంటు చూడండి.

రెండోది అసలైన చిక్కు. ఒక్కోసారి ఒకే మాట రెండు రన్‌లుగా తెగి ఉంటుంది: అక్షరం ఒకదాంట్లో, దాని వత్తు పక్కదాంట్లో. విడివిడిగా మారిస్తే వత్తు అనాథ అవుతుంది. అందుకని ఒకే ఫాంటు ఉన్న పక్కపక్క రన్‌లను ముందు కలిపేసి, ఆ తర్వాతే మార్చండి. కర్నింగ్ (అక్షరాల మధ్య ఎడం) సర్దిన శీర్షికల్లో ఈ తెగడం ఎక్కువ.

మూడోది, పేజీ కట్టేటప్పుడు లైను చివర చేత్తో కొట్టిన హైఫన్లు, షిఫ్ట్ ఎంటర్‌తో విరిచిన లైన్లు పాఠంలో అలాగే ఉంటాయి. హైఫన్, వెంటనే లైను విరుపు ఉన్నచోట రెండూ తీసేయండి. ఉత్త విరుపు అయితే ఖాళీ పెట్టండి.

మార్చాక పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీకి, అంటే యూనికోడ్‌లోని ఒక ప్రామాణిక రూపానికి, తేవాలి. ఐత్వం కొన్నిచోట్ల ఎత్వం, దాని కింద ముక్క అని రెండు కోడ్‌లుగా వస్తుంది. ఎన్‌ఎఫ్‌సీ ఆ రెంటినీ ఒకటి చేస్తుంది. వత్తుల వరుసను మాత్రం అది దిద్దదు. తర్వాత మూడు రకాలు వెతకండి: మాట మొదట్లోనే గుణింతపు గుర్తు, గుర్తు వెంట పొల్లు, గుర్తు వెంట ఇంకో గుర్తు. తెలుగులో ఈ మూడూ ఉండవు, దొరికిన ప్రతిదీ తప్పే.

మిగిలినవాటికి సంచికలోని మాటలన్నీ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కతో ఒక జాబితా తీయండి. లిబ్రెఆఫీస్ తెలుగు నిఘంటువు తెలియదన్న మాటల్లో ఎక్కువసార్లు వచ్చినవి పైకి తేండి. ‘కార్యక్రవుం’ 40 సార్లు వచ్చిందంటే అది పట్టిక తప్పు, ఒక్కసారి వచ్చినదైతే అచ్చుతప్పు కావచ్చు, లేదా ఊరి పేరు. మొదట వేర్వేరు సంవత్సరాల నుంచి మూడు సంచికలు తీసుకోండి. మధ్యలో అను వెర్షన్ మారి ఉంటే కోడ్‌లు కూడా మారి ఉండొచ్చు, ఆ తేడా అక్కడే బయటపడుతుంది. ఆ మూడూ శుభ్రంగా వచ్చేదాకా మిగతావాటి జోలికి వెళ్లకండి. తేదీలు, ధరలు, ఫోన్ నంబర్లు మాత్రం పీడీఎఫ్ పక్కన పెట్టుకుని కంటితోనే సరిచూడాలి. అంకె తప్పును ఏ నిఘంటువూ పట్టదు.

అచ్చుగూడు జవాబు:

పుస్తకం గురించి. ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్ అతికించగానే వత్తులు విడిపోయి కనిపిస్తే కంగారు పడకండి, పాఠం బాగానే ఉంది. పేరా స్టైల్‌లో జస్టిఫికేషన్‌కు వెళ్లి కంపోజర్‌ను ‘అడోబి వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’గా మార్చండి. అక్కడే లెటర్ స్పేసింగ్ మూడు గళ్లలోనూ 0 ఉంచండి. లైను నింపడానికి అక్షరాల మధ్య జాగా సాగదీస్తే వత్తు, అక్షరం ఎడమవుతాయి. సాగేది మాటల మధ్యే, 80, 100, 133 సరిపోతాయి.

పాఠానికి నోటో సెరిఫ్ తెలుగు తీసుకోండి, అందులో బోల్డ్ నిజంగా ఉంది. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది కానీ ఒకే మందం, ఇన్‌డిజైన్ దానికి దొంగ బోల్డ్ చేయదు. శీర్షికలకు రామభద్ర. లీడింగ్ (లైన్ల మధ్య దూరం) అనులో ఉన్న కొలతే పెడితే పై లైనులోని రెండు వరుసల వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. 12 పాయింట్లకు 18తో మొదలుపెట్టి, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటలున్న పేజీ అచ్చు తీసి చూసి సర్దండి.

పాత_సంచిక జవాబు:

అందరికీ కృతజ్ఞతలు. పీడీఎఫ్‌లు తీయడం మొదలైంది. ఒక అనుమానం: కొన్ని వ్యాసాల శీర్షికలు ఆర్‌టీఎఫ్‌లో అసలు రావడం లేదు.

వత్తుపొల్లు జవాబు:

అవి కోరెల్‌డ్రాలో చేసి, కర్వ్స్‌గా మార్చి తెచ్చినవై ఉంటాయి. పేజ్‌మేకర్ దృష్టిలో అది బొమ్మ, లోపల అక్షరాలు లేవు. కోరెల్ అసలు ఫైల్ ఉండి, అందులో ఇంకా టెక్స్ట్‌గానే ఉంటే అక్కడి నుంచి తీయవచ్చు. లేకపోతే టైప్ చేయడమే. విషయసూచిక పేజీ మామూలు టెక్స్టే అయివుంటుంది కాబట్టి, దాన్ని ముందు మార్చుకుంటే చాలా శీర్షికలు అక్కడే దొరుకుతాయి. ఉపశీర్షికలకు మాత్రం పీడీఎఫ్ తిరగేయాలి.