ఇద్దరమే మోటారు బోటులో నెలల తరబడి తీరం వెంట తిరగగలమా?

ప్రశ్న: నేనూ మా ఆవిడా ఇకపై బోటులోనే ఉంటూ తీరం వెంట తిరుగుదామనుకుంటున్నాం. ఒకటే డీజిల్ ఇంజన్. అది మధ్యలో ఆగిపోతుందేమోనని నా టెన్షన్, రాత్రి లంగరు జారుతుందేమోనని తనది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు 1: మేం నాలుగేళ్లుగా తిరుగుతున్నాం. ఇంజన్ ఆగితే ఎక్కువసార్లు తప్పు ఇంధనానిదేనండీ. ట్యాంకు సగం ఖాళీగా వదిలేస్తే లోపలి తేమ నీరై అడుగుకు చేరుతుంది, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి జిగట పడుతుంది, బోటు ఊగినప్పుడు అదంతా లేచి ఫిల్టర్ మూసుకుపోతుంది, అదీ సరిగ్గా సముద్రం బాగోలేనప్పుడే! అదనపు ఫిల్టర్లు ఉంచుకోండి, మార్చడం ఒడ్డునే నేర్చుకోండి. డీజిల్ మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోవద్దు.

జవాబు 2: లంగరు సంగతి నేను చెప్తా, మా బోటులో ఆ పని నాదే. పోటు వచ్చినప్పటి లోతుకి నీటి మీద నుంచి బోటు ముక్కు ఎత్తు కలిపి, దానికి కనీసం ఐదు రెట్లు గొలుసు వదలాలి. ఇప్పుడు లోతు 5 మీటర్లు, పోటుకు ఇంకో 2, ముక్కు ఎత్తు 1 అనుకోండి, 40 మీటర్లు. గాలి ఎక్కువైతే ఏడు రెట్లు. ఫోన్‌లో లంగరు అలారం, అంటే బోటు ఉన్నచోటు నుంచి జరిగితే మోగేది, పెట్టుకుంటే నిద్ర పడుతుంది. అన్నట్టు, మీ ఆవిడకీ బోటు నడపడం, వీహెచ్ఎఫ్ (బోటు రేడియో) 16వ ఛానల్‌లో సాయం అడగడం రావాలి. మీరే నీళ్లలో పడితే?

జవాబు 1: అది నిజం. మా ఆయన పడ్డారు ఒకసారి, జెట్టీ దగ్గరే లెండి.

ప్రశ్న అడిగినవారు: ఫిల్టర్ మార్చడం ఈ వారమే మొదలుపెడతా. స్టీరింగ్ ఇస్తానంటే మా ఆవిడ అప్పుడే కుర్చీ ఎక్కేసింది.