"స్విచ్ ఆఫ్ ఇట్" తప్పు, "లుక్ ఎట్ ఇట్" ఒప్పు: కారణం ఎలా చెప్పాలి?

పర్లాకిమిడి ట్యూషన్:
మెట్రిక్ పిల్లల ఇంగ్లిష్ నోట్సుల్లో ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ వస్తోంది. "షి స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇట్", "ఐ లైక్ వెరీ మచ్ హిమ్", "ప్లీజ్ స్విచ్ ఆఫ్ ఇట్". ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లూ ఒడియా మాట్లాడేవాళ్లూ తేడా లేకుండా ఇలాగే రాస్తున్నారు. "స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్" రైటే కదా, ఫ్యాన్ తీసి ఇట్ పెడితే ఎందుకు తప్పవుతుందని ఒకరు, మరి "లుక్ ఎట్ ఇట్" ఎలా రైటని ఇంకొకరు. బట్టీ పట్టించడం నాకిష్టం లేదు. ఇట్, హిమ్, దెమ్ లాంటివి కర్మగా వస్తే వాటి తర్వాత ఏది ఏ వరసలో రావాలో, ఎందుకో చెప్పగలరా?

వంశధార:
మాస్టారూ, మన వాక్యాన్ని తిరగేయడంలోనే ఈ తప్పు పుడుతోంది. "నిన్న బడిలో దాన్ని జాగ్రత్తగా తెరిచింది" తీసుకోండి. పిల్లలు చివరనున్న క్రియను ముందుకు తెచ్చి, మిగతా మాటల్ని కుడి నుంచి ఎడమకు దించేస్తారు. తెరిచింది, జాగ్రత్తగా, దాన్ని, బడిలో, నిన్న: "షి ఓపెన్డ్ కేర్‌ఫుల్లీ ఇట్ ఎట్ స్కూల్ యస్టర్‌డే". గమనించండి, "ఎట్ స్కూల్ యస్టర్‌డే" సరిగ్గా పడింది. చెడింది క్రియ పక్కనున్న రెండు మాటలే. ఒడియాలోనూ క్రియ చివరే వస్తుంది, అందుకే ఇద్దరిదీ ఒకే తప్పు.

కాబట్టి తిరగేయడం మాన్పించకండి, దానికి ముందు ఒక్క పని చేయించండి. తెలుగు వాక్యంలో క్రియకు సున్నా చుట్టించి, "ని" లేదా "ను" చేరిన మాటకు ఇంకో సున్నా చుట్టించి, రెండింటినీ గీతతో కలపమనండి. ఆ జంట విడిపోకుండా ముందుకు రావాలి: "ఓపెన్డ్ ఇట్". ఆ తర్వాత మిగతావి కుడి నుంచి ఎడమకు: "కేర్‌ఫుల్లీ ఎట్ స్కూల్ యస్టర్‌డే". వారం రోజులు రోజుకు పది వాక్యాలు ఇలా గీయిస్తే చేతికి అలవాటవుతుంది.

"లీ"తో ముగిసే తీరు చెప్పే మాటలు చాలావరకు క్రియకు ముందు కూడా నిలుస్తాయి, "షి కేర్‌ఫుల్లీ ఓపెన్డ్ ఇట్" రైటే. వెల్, ఫాస్ట్, హార్డ్ మాత్రం అలా ముందుకు రావు. "షి వెల్ స్పీక్స్ ఇట్" అనకూడదు, "షి స్పీక్స్ ఇట్ వెల్" అనాలి. ఆల్వేస్, ఆఫెన్ లాంటివి "ఐ ఆఫెన్ మీట్ హిమ్" అన్నట్టు ముందే ఉంటే మంచిది.

తెలివైన పిల్లవాడు ఒకడు అడుగుతాడు, పుస్తకంలో "హి ఎక్స్‌ప్లెయిన్డ్ క్లియర్లీ ద రూల్స్ దట్ వి మస్ట్ ఫాలో" అని ఉందే అని. అది కూడా రైటే. కర్మ పొడుగ్గా, బరువుగా ఉంటే ఇంగ్లిష్ దాన్ని చివరికి జరపనిస్తుంది. ఇట్ అన్నది ఒక్క అక్షరం పాటి తేలిక మాట, ఒత్తు కూడా పడదు. అది క్రియనో ప్రిపొజిషన్‌నో పట్టుకునే నిలబడుతుంది.

నాగావళి (రాయగడ):
పైన చెప్పిన చివరి వాక్యంలోనే మీ రెండో ప్రశ్నకు జవాబుంది. "లుక్ ఎట్ ఇట్"లో ఎట్ ప్రిపొజిషన్, ఇట్ దాన్ని పట్టుకుని ఉంది. "స్విచ్ ఆఫ్"లో ఆఫ్ ప్రిపొజిషన్ కాదు, క్రియకు తోడొచ్చిన యాడ్వర్బ్. ఇట్‌కు అది ఆధారం కాలేదు, అందుకే ఇట్ వెళ్లి స్విచ్‌ను పట్టుకుంటుంది: "స్విచ్ ఇట్ ఆఫ్". పిక్ ఇట్ అప్, త్రో దెమ్ అవే, పుట్ ఇట్ ఆన్, వేక్ హిమ్ అప్, అన్నీ ఈ కోవే. ఫ్యాన్ లాంటి నామవాచకానికి కాస్త బరువుంది కనుక అది రెండు చోట్లా నిలుస్తుంది: "స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్", "స్విచ్ ద ఫ్యాన్ ఆఫ్".

ఏది ఏదో తేల్చడానికి జాబితా కంఠస్థం చేయించక్కర్లేదు. మధ్యలో ఒక యాడ్వర్బ్ దూర్చి చూడండి. "లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ఇట్" చక్కగా ఉంటుంది, అంటే ఎట్ ప్రిపొజిషన్. "స్విచ్డ్ క్విక్లీ ఆఫ్ ద ఫ్యాన్" అతకదు. ఇది చెప్పకపోతే ఇంకో ప్రమాదం ఉంది. యాడ్వర్బ్ ఎప్పుడూ ఇట్ తర్వాతే అని బిగించేస్తే పిల్లలు "వెయిటెడ్ పేషెంట్లీ ఫర్ హిమ్" లాంటి మంచి వాక్యాన్ని కూడా కొట్టేస్తారు. క్రియకూ నేరు కర్మకూ మధ్యే అడ్డు రాకూడదు. క్రియకూ ప్రిపొజిషన్‌కూ మధ్య రావచ్చు.

ఒకే మాట రెండు వేషాలూ వేస్తుంది, అక్కడ అర్థం చూడాలి. గోడ మీదుగా చూడడం "లుక్ ఓవర్ ఇట్", కాగితాన్ని సరిచూడడం "లుక్ ఇట్ ఓవర్". దీపం వెలిగించడం "టర్న్ ఇట్ ఆన్", కుక్క మీద పడడం "ద డాగ్ టర్న్డ్ ఆన్ హిమ్".

చెవికి కూడా నేర్పండి. "స్విచ్ ఇట్ ఆఫ్"లో ఒత్తు ఆఫ్ మీద గట్టిగా పడుతుంది, "లుక్ ఎట్ ఇట్"లో లుక్ మీద పడి ఎట్ నలిగిపోతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. నోట పలికించకుండా ఈ తేడా కాగితం మీదే నేర్పడం కష్టం.

ప్రాణహిత (సిరొంచ):
దీని పక్కనే "టు" గొడవ ఉంది, అదీ కలిపి చెప్పేయండి. ఒడియా "మోతే", మా దగ్గర మరాఠీ "మలా", రెండూ నన్ను అన్నదానికీ నాకు అన్నదానికీ ఒకే మాట. తెలుగులో ఆ రెండూ వేరు, కానీ మన విభక్తిని నమ్మినా పప్పులో కాలేస్తాం. "నాకు చెప్పాడు" అని "హి టోల్డ్ టు మి" రాస్తారు. "దాని గురించి చర్చించాం" అని "డిస్కస్డ్ అబౌట్ ఇట్", "దానికి చేరాం" అని "రీచ్డ్ టు ఇట్". టెల్, డిస్కస్, రీచ్ మూడింటికీ కర్మ నేరుగా అతుక్కోవాలి, మధ్యలో ఏమీ వద్దు.

ఎక్స్‌ప్లెయిన్, డిస్‌క్రైబ్, సజెస్ట్, ఇంట్రడ్యూస్, సే దీనికి ఎదురు. "ఎక్స్‌ప్లెయిన్డ్ మి ఇట్" కాదు, "ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు మి". క్లియర్లీ చేర్చాలంటే "ఇట్ టు మి క్లియర్లీ", "ఇట్ క్లియర్లీ టు మి" రెండూ చెల్లుతాయి. ఇట్‌కు ముందు క్లియర్లీ పెడితే చెల్లదు. "గివ్ మి ఇట్" బ్రిటన్‌లో వినబడుతుంది గానీ పరీక్షలో "గివ్ ఇట్ టు మి" రాయిస్తే నిశ్చింత.

బాహుదా (బరంపురం):
ప్రిపొజిషన్ పదబంధాల సంగతి పూర్తిగా రాలేదు. "ఐ సా ద మ్యాన్ ఇన్ ద బోట్" అంటే పడవలో ఉన్న మనిషిని చూశానా, మనిషిని పడవలో చూశానా? తెలుగులో "ఉన్న" పెట్టామా లేదా అన్నదే తేల్చేస్తుంది. ఇంగ్లిష్‌లో హిమ్ పెట్టి చూడాలి. పడవ గుర్తు కోసం వచ్చిందైతే, అంటే "పడవలో ఉన్న" అయితే, ఆ ముక్కంతా హిమ్‌లో కలిసిపోయి "ఐ సా హిమ్" మిగులుతుంది. "ఐ సా హిమ్ ఇన్ ద బోట్" అంటే మాత్రం చూసిన చోటు పడవ. కర్మగా వచ్చిన హిమ్‌కు, ఇట్‌కు గుర్తు చెప్పే పదబంధాన్ని మామూలుగా తగిలించం. "ఐ టుక్ ఇట్ ఆన్ ద టేబుల్" అని పిల్లలు రాసేది "బల్ల మీదున్నదాన్ని తీసుకున్నాను" అన్న ఉద్దేశంతో. అక్కడ "ఐ టుక్ ద వన్ ఆన్ ద టేబుల్" అనాలి.

ఇంకొకటి. "షి ఆస్క్డ్ హర్ క్వయట్లీ టు లీవ్"లో నెమ్మదిగా అడిగిందా, చడీచప్పుడు లేకుండా వెళ్లమందా? అడగడానికైతే "క్వయట్లీ ఆస్క్డ్ హర్ టు లీవ్", వెళ్లడానికైతే "ఆస్క్డ్ హర్ టు లీవ్ క్వయట్లీ" అని రాయిస్తే సందేహం ఉండదు.

పర్లాకిమిడి ట్యూషన్:
సున్నాల పద్ధతి రేపటి నుంచే మొదలుపెడతాను, అందరికీ ధన్యవాదాలు. ఒక్కటి మిగిలింది. "లుక్ ఫార్వర్డ్ టు"లో యాడ్వర్బూ ప్రిపొజిషనూ రెండూ ఉన్నాయి కదా, అక్కడ ఇట్ ఎక్కడ?

నాగావళి (రాయగడ):
చివరి మాట చూడండి. టు ప్రిపొజిషన్ కనుక ఇట్ దాని తర్వాతే: "లుక్ ఫార్వర్డ్ టు ఇట్", "పుట్ అప్ విత్ ఇట్", "రన్ అవుట్ ఆఫ్ ఇట్". రెండు సర్వనామాలుంటే ఒకటి క్రియను, ఒకటి ప్రిపొజిషన్‌ను పట్టుకుంటుంది: "టాక్ హిమ్ అవుట్ ఆఫ్ ఇట్".