సీఆర్‌గా (క్లాస్ రిప్రజెంటేటివ్‌గా) సెక్షన్ అభిప్రాయం పేర్లు బయటపడకుండా తీసుకోవడం ఎలా?

గుంటూరు దగ్గర జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీ, బీటెక్ రెండో ఏడాది. రెండో మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే ఇంటర్నల్ పరీక్ష) దగ్గరపడింది, ఒక సబ్జెక్టులో అయిదో యూనిట్ ఇంకా మొదలే కాలేదు. ఇంటర్నల్ మార్కులు ఆ సార్ చేతిలోనే ఉంటాయి కాబట్టి ఎవరూ నోరు విప్పట్లేదు.

వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో గ్రూపంతా చూస్తుంది. గూగుల్ ఫామ్‌లో ఒక్కసారే జవాబివ్వాలని పెడితే లాగిన్ అడుగుతుంది, అక్కడే సగంమంది జారుకుంటారు. అది తీసేస్తే ఒకడే నాలుగుసార్లు నింపుతాడు (మావాళ్లు తక్కువేం కాదు!). అటెండెన్స్ షీట్‌లో టిక్ పెట్టి, మనిషికో చీటీ ఇచ్చి డబ్బాలో వేయించడం నయమనిపిస్తోంది. ఎవరైనా చేశారా? చేతిరాత గుర్తుపట్టకుండా ప్రశ్నలు ఎలా పెట్టారు?

ఇంకోటి: ముందు సార్‌నే అడిగి, ఆ తర్వాత క్లాస్ ఇన్‌చార్జికి, చివరికి హెచ్‌ఓడీకి (డిపార్ట్‌మెంట్ హెడ్‌కి) వెళ్లాలా? లేఖపై అందరి సంతకాలూ ఉండాలా, సీఆర్‌లవి చాలా?