అక్వేరియం సంప్‌లో హీటర్ ఏ గదిలో పెట్టాలి?

చలి_ఆదిలాబాద్:
అన్నలూ, మాది ఆదిలాబాద్. నాలుగడుగుల ట్యాంక్, వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున, కింద క్యాబినెట్‌లో మూడు గదుల సంప్, అంటే ట్యాంక్ నీళ్లు కిందికి దిగి శుభ్రమై మళ్లీ పైకెళ్లే తొట్టి (సంప్ అంటే మా అమ్మకి వాకిట్లో నీళ్ల సంపే, ఇంట్లో ఇంకోటి ఎందుకురా అంటది). నిన్న పొద్దున థర్మామీటర్ 19 చూపించింది, ఆరు ఏంజెల్ చేపలూ రెక్కలు ముడుచుకుని ఒక మూలకి చేరాయి. 200 వాట్ల హీటర్ కొన్నా. నీళ్లని మళ్లీ పైకి తోసే రిటర్న్ పంప్ ఉన్న చివరి గదిలో చోటుంది, అక్కడ పెట్టెయ్యనా? కింద నీళ్లు వేడి చేస్తే పైన ట్యాంక్ వేడెక్కుతదా?

గాజుతొట్టి:
పంప్ తిరుగుతున్నంతసేపు పైనా కిందా నీళ్లు ఒకటే కాబట్టి వేడెక్కుతుంది, ఆ డౌట్ వద్దు. కానీ చివరి గదిలో మాత్రం పెట్టకు తమ్ముడూ. నీళ్లు ఎంత ఆవిరైనా పైన ట్యాంక్‌లో మట్టం తగ్గదు, ఆ లోటంతా పంప్ గదిలోనే కనిపిస్తుంది. నేను అలాగే పెట్టి సంక్రాంతికి ఊరెళ్లా, నాలుగు రోజులకి హీటర్ సగం బయటికి తేలింది, వచ్చీ రాగానే చూసుకోకుండా బకెట్ చన్నీళ్లు పోశా, ఠప్పున హీటర్ గాజు పగిలి ఇల్లంతా కరెంట్ పోయింది. కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ఉండబట్టి సరిపోయింది గానీ చెయ్యి నీళ్లలోనే ఉంది నాది. నీళ్లని శుభ్రం చేసే బ్యాక్టీరియా ఉండే సెరామిక్ రింగులున్న మధ్య గదిలో పెట్టు, అక్కడ అడ్డు గాజు వల్ల మట్టం మారదు. హీటర్ మీదున్న గీత దాకా మునగాలి, వీలైతే అడ్డంగా పడుకోబెట్టు, రింగులకి ఆనకూడదు.

నీలిరెక్క:
మీ నీళ్లు సంప్‌తో కలిపి 250 లీటర్ల పైనే. లీటర్‌కి ఒక వాట్ లెక్క, మీ చలికి 200 చాలదు. ఒకటే 300ది కాకుండా 150వి రెండు పెట్టండి, ఒకటి ఆన్‌లో ఇరుక్కుపోయినా చేపలు ఉడకవు, ఒకటి పోయినా రెండోది కొంత ఆదుకుంటుంది. వేడిని చూసి హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే బయటి కంట్రోలర్ కూడా తగిలించి సెన్సార్ ట్యాంక్‌లో వేయండి.

గాజుతొట్టి:
అక్కా, సెన్సార్ ట్యాంక్‌లో వద్దు. పంప్ ఆగిందనుకోండి, పైన చల్లబడుతుంది, కంట్రోలర్ ఇంకా చలే అనుకుని హీటర్ ఆపదు, కింద సంప్‌లో ఉన్న కాసిని నీళ్లు కాగిపోతాయి, రింగుల్లో బ్యాక్టీరియా కూడా పోతుంది. సెన్సార్ హీటర్ ఉన్న గదిలోనే ఉండాలి. హీటర్ డయల్ కూడా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువకి తిప్పి ఉంచితే కంట్రోలర్ చెడినా అది ఆపుతుంది. థర్మామీటర్ మాత్రం పైన ట్యాంక్‌కే.

నీలిరెక్క:
నిజమే, నాది క్యానిస్టర్ (మూసి ఉన్న డబ్బా ఫిల్టర్), సంప్ సంగతి తట్టలేదు. ఇంకోటి, నీళ్లు మార్చేముందు ప్లగ్ తీసి ఇరవై నిమిషాలు ఆగండి. వైరు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, లేదంటే వైరు మీద జారే చుక్కలు నేరుగా సాకెట్‌లోకే పోతాయి.

చలి_ఆదిలాబాద్:
200ది షాపతను వాపసు తీసుకోనంటే దానికి తోడు ఇంకో 100ది తెచ్చి రెండూ మధ్య గదిలో పెట్టా. ఒక్కసారే పెంచకుండా రోజుకి రెండు డిగ్రీల చొప్పున, ఇయ్యాల 25. పొద్దున మేత వేస్తే నాలుగు పైకొచ్చాయి, రెండు ఇంకా ఆ మూలనే ఉన్నాయి.