పారిస్ పాంథియోన్ దిమ్మెలు పగిలింది దేనివల్ల: సూఫ్లో డిజైనా, రాతి పనా?

రాతిగీత (చర్చ మొదలు)

నియోక్లాసికల్ శైలి (ప్రాచీన గ్రీకు, రోమన్ కట్టడాలను అనుసరించేది) అనగానే ముందుగా గుర్తొచ్చే కట్టడం పారిస్‌లోని పాంథియోన్. మొదట అది సాంత్ జెనెవియేవ్ చర్చి. 1755లో ఆర్కిటెక్ట్ జాక్ జెర్మేన్ సూఫ్లోకి పని అప్పగించారు. 1764లో రాజు పదిహేనో లూయీ శంకుస్థాపన చేశాడు. 1780లో సూఫ్లో పోయాక ఆర్కిటెక్టులు బ్రెబియోన్, రోండ్లే కలిసి 1790కి గుమ్మటం పూర్తి చేశారు. కానీ గుమ్మటం లేవకముందే, 1776లో, దాన్ని మోయాల్సిన నాలుగు మూల దిమ్మెల్లో (బరువు మోసే లావు రాతి కట్టుబడుల్లో) రాళ్ల అంచులు చిట్లి పెచ్చులూడాయి.

అంతకు ఆరేళ్ల ముందే, 1770లో, పియెర్ పాత్ అనే ఆర్కిటెక్ట్ ఒక పత్రం అచ్చువేసి ఈ దిమ్మెలు చాలవని హెచ్చరించాడు. ప్రతి దిమ్మె ప్లానులో త్రికోణం, దాని మూడు మూలల్లో మూడు అతుకు స్తంభాలు (దిమ్మెకు అంటుకుని ఉండేవి). మోసే రాయి ఎంత తక్కువో ప్లాను చూస్తేనే తెలుస్తుంది. గ్రీకు గుడిలా స్తంభాలే కనబడాలి, లావు గోడ కనబడకూడదు అన్న పట్టుదలతో బలాన్ని తగ్గించుకున్నారు. తప్పు డిజైన్‌దేనని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి.

దూలం_కమాను

పాత్ హెచ్చరించిన మాట నిజమే. దేని గురించి హెచ్చరించాడో కూడా చూడాలి కదండీ. రోమ్ సెయింట్ పీటర్స్, లండన్ సెయింట్ పాల్స్, పారిస్ ఇన్వాలీడ్ గుమ్మటాల కొలతలు, ఇటాలియన్ ఆర్కిటెక్ట్ కార్లో ఫోంతానా నిష్పత్తులు దగ్గర పెట్టుకుని లెక్క వేశాడు. గుమ్మటం పక్కలకు తోసే తోపుడును ఆపాలంటే డ్రమ్ గోడ (గుమ్మటం కింద గుండ్రంగా లేచే గోడ) ఇంత మందం ఉండాలి, అంత మందం గోడ ఈ దిమ్మెల మీద కూర్చోదు అన్నది అతని వాదన. అంటే అతను భయపడింది పక్క తోపుడుకు. 1776లో కనబడింది నిలువు బరువుకు రాయి నలగడం, అదీ అంచుల దగ్గర. గుమ్మటం అప్పటికి కట్టనేలేదు, తోపుడు ఎక్కడి నుంచి వస్తుంది?

పాత్‌కు జవాబుగా ఇంజనీర్ ఎమిలాన్ గోతే రాతిని నలగ్గొట్టి చూసే మీట యంత్రం చేయించి పరీక్షలు జరిపాడు, 1774లో ఫలితాలు అచ్చయ్యాయి. రాయి ఎంత బరువుకు నలుగుతుందో కొలిచి, దిమ్మె మీద పడే బరువుతో పోల్చితే చాలినంత మిగులు కనబడింది. వంతెనల ఇంజనీర్ పెరోనే కూడా సూఫ్లో పక్షానే నిలబడ్డాడు. గోతిక్ (మధ్యయుగపు ఐరోపా శైలి) చర్చిల్లో ఇంతకంటే సన్నని ఊతాలు శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయన్నది ఆయన ఇచ్చిన ఆధారం. బయటివాళ్లు గమనించరు గానీ, పాంథియోన్ పిట్టగోడల వెనక గోతిక్ పద్ధతిలోనే ఆసరా కమానులు (పక్క తోపుడును ఆనించి పట్టేవి) దాగి ఉన్నాయి. ముఖం గ్రీకుది, ఎముకలు గోతిక్‌వి. ఆ మేళవింపే సూఫ్లో గొప్పతనమని నేను గట్టిగా నమ్ముతాను.

రాతిగీత

గోతే నలగ్గొట్టింది చేతిలో పట్టే చిన్న రాతి ముక్కల్ని. దిమ్మె అంటే ఒక రాయి కాదు, వరసలు, దర్జులు (రాళ్ల మధ్య అతుకులు), సున్నం అన్నీ కలిసినది. చిన్న ముక్క బలాన్ని మొత్తం దిమ్మెకు అంటగట్టడం సరైన లెక్కేనా?

సున్నపుబట్టీ

కాదు. అసలు విషయం అక్కడే ఉంది. కొంచెం వివరంగా రాస్తాను.

ఆ రోజుల్లో పారిస్‌లో మంచి రాతి పని అంటే బయటికి దర్జు కనబడీ కనబడనట్టు ఉండాలి. రాయి పై ముఖం, కింది ముఖం మొత్తం సమతలంగా చెక్కడం చాలా ఖర్చు. అందుకని ముఖం వైపు కొన్ని అంగుళాల పట్టీ మాత్రం కచ్చితంగా చెక్కి, లోపలి భాగాన్ని కొద్దిగా గుల్ల చేసేవారు. రాయిని చెక్క ముక్కల మీద మట్టం చూసి కూర్చోబెట్టి, ఆ తర్వాత గుల్లలోకి సున్నపు పాలు పోసేవారు. బయట దర్జు గీతంత సన్నగా ఉంటుంది, లోపల సున్నం మందంగా ఉంటుంది.

ఇక బరువు పడితే ఏమవుతుంది? లోపలి మందపాటి సున్నం ఆరి కుంచించుకుంటుంది, నొక్కుకు దిగుతుంది. గాలి తగలని లోపలి సున్నం గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. బయటి పట్టీ దగ్గర దిగడానికి చోటు లేదు, రాయి మీద రాయే. బరువంతా అంచుకు జరుగుతుంది. లెక్క చూడండి: మీటరు చదరం రాయి, చుట్టూ 10 సెంటీమీటర్ల పట్టీ మాత్రమే మోస్తోందనుకుందాం. 100×100 నుంచి లోపలి 80×80 తీసేస్తే 3,600 చదరపు సెంటీమీటర్లు మిగులుతాయి. అంటే 36 శాతం. ఒత్తిడి దాదాపు 2.8 రెట్లు. పైగా అంచు రాయికి బయటివైపు ఆసరా ఉండదు కాబట్టి పెచ్చు బయటికే ఎగురుతుంది. చెక్క ముక్క ఉన్నచోట బరువు ఇంకా చిన్న చోట కేంద్రీకరించి, నిలువు చీలిక మొదలవుతుంది. 1797లో రోండ్లే తన పత్రంలో ప్రధానంగా తప్పుపట్టింది ఈ దర్జులనే.

దిమ్మె నడిబొడ్డులో ఎక్కువ దర్జులున్న చిన్న రాళ్లు వాడితే నడిమి భాగం ఎక్కువ దిగి, ముఖం రాళ్ల మీదే బరువు పడుతుంది. లండన్ సెయింట్ పాల్స్‌లో ఇదే జరిగింది. ఆర్కిటెక్ట్ రెన్ కట్టించిన దిమ్మెల లోపల రాళ్లూ రప్పలూ నింపారు, పైన చెక్కడపు రాయి తొడిగారు. 1920ల చివర్లో చర్చి మూసి లోపలికి సిమెంటు పాలు ఎక్కించాల్సి వచ్చింది. అక్కడి దిమ్మెలు సన్నవేం కావు.

ప్లాను_పుస్తకం

గ్రీకులు కూడా అంచు పట్టీ ఉంచి నడిమి భాగం గుల్ల చేశారు కదా? ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడి ఎందుకు చిట్లలేదు?

సున్నపుబట్టీ

మంచి ప్రశ్న. గోడల్లో వాళ్లు ఆ పద్ధతి వాడింది నిలువు దర్జుల్లో. అక్కడ బరువు రాదు. స్తంభపు దిండ్లలో (ఒకదానిపై ఒకటి పేర్చే గుండ్రటి రాళ్లలో) అడ్డ ముఖాల మీద కూడా నడిమి భాగం కొద్దిగా తగ్గించారు, కానీ మోసే వలయం వెడల్పైనది, రుద్ది రుద్ది కచ్చితంగా కూర్చోబెట్టింది, మధ్యలో సున్నం లేదు, చెక్క ఆధారాల మీద బరువు లేదు. పైన పడే బరువు కూడా దూలం, కప్పు వరకే. రాతి గుమ్మటం కాదు.

తూర్పువాకిలి

కిటికీల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1791లో కాత్రమేర్ ద కాన్సీ బయటి గోడల కిటికీలన్నీ మూయించాడు. కట్టడం బలహీనంగా ఉండబట్టే మూశారని విన్నాను.

దూలం_కమాను

అది సరికాదండీ. చర్చిని దేశం మహనీయుల సమాధి మందిరంగా మార్చాలని విప్లవ ప్రభుత్వం నిర్ణయించింది. వెలుతురు తగ్గించి గంభీరంగా చేయడం అక్కడి ఉద్దేశం. దెబ్బతిన్నది లోపలి మూల దిమ్మెలు, మూసింది బయటి గోడలు. సూఫ్లో కోరుకున్న వెలుతురు పోవడం నిజంగా బాధాకరం. ఈ రోజు లోపలికి వెళ్లినవాళ్లు చూసేది ఆయన గీసిన చర్చి కాదు.

రాతిగీత

దర్జుల మాట ఒప్పుకుంటాను. అయినా డిజైన్‌ను వదిలేయలేను. రెండు కారణాలు.

మొదటిది, బరువు పెరుగుతూ పోయింది. గుమ్మటం నమూనాను సూఫ్లో పలుమార్లు మార్చాడు. చివరికి వచ్చింది 32 స్తంభాల వరుసతో ఎత్తైన డ్రమ్, దానిపైన ఒకదానిలో ఒకటి మూడు పొరలు, మూడూ రాతివే. సెయింట్ పాల్స్‌లో బయటి పొర కలపమీద సీసం. ఇన్వాలీడ్‌లోనూ బయటిది కలపే. కింది దిమ్మెలు మాత్రం మొదటి ప్లానువే.

రెండోది, గీతంత సన్నటి దర్జు కోరింది ఎవరు? పనివాడు కాదు. రాయి ఒకే ముద్దలా కనబడాలన్నది ఆ శైలి కోరిక. ఏ పని చేయించుకుంటే ఏ తప్పు జరుగుతుందో ముందే తెలిసి మందం పెంచడం ఆర్కిటెక్ట్ బాధ్యత. మిగులు లెక్క కాగితం మీద ఉంది, రాతిలో లేదు.

దూలం_కమాను

రెండోది బలమైన మాట. మొదటిదానికి ఒక సవరణ: లోపలి వ్యాసం సుమారు 21 మీటర్లే, సెయింట్ పీటర్స్‌లో సగం. పొరలు రాతివైనా పలుచనివి.

సున్నపుబట్టీ

డిజైన్ మీద నిజంగా కోపం రావాల్సిన చోటు ముందున్న మండపం అని నాకనిపిస్తుంది. 1753లో ఫ్రెంచ్ రచయిత లోజియే రాసిన సిద్ధాంతం ఆ తరానికి వేదం: స్తంభం, అడ్డదూలం, దానిపైన ముక్కోణపు ముఖం, అంతే. తక్కినవన్నీ అనవసరం. కానీ పారిస్ సున్నపురాయి పొరలు పలుచన, వంపుకు బలహీనం. స్తంభం నుంచి స్తంభానికి ఒకే దూలం వేయలేరు. అందుకని చిన్న రాళ్లను చదును కమానుగా (కింది అంచు నేరుగా ఉండే కమానుగా) పేర్చి, లోపల ఇనుప కడ్డీలు దూర్చి, కొక్కేలతో కట్టి, పైన బరువు తప్పించే కమానులు దాచారు. రోండ్లే గీసిన ఆ ఇనుము పటం చూస్తే ఇప్పటి కాంక్రీటు దూలంలో కడ్డీల నక్షాలా ఉంటుంది.

కాంక్రీటులో క్షారం ఇనుమును కాపాడుతుంది. రాతిలో ఆ రక్షణ లేదు, కొక్కెం చుట్టూ పోసిన సున్నం కూడా గాలి తగిలి క్షారం కోల్పోతుంది. దర్జుల్లోంచి నీరు చేరితే తుప్పు. తుప్పు అసలు ఇనుముకంటే కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది, రాయిని లోపలి నుంచి చీలుస్తుంది. పాంథియోన్‌లో ఇరవయ్యో శతాబ్దంలో రాతి పెచ్చులు రాలడానికి ఈ ఇనుమూ, కప్పులోంచి కారిన నీరూ ముఖ్య కారణాలు. దిమ్మెల సమస్య ఒకసారి సరిచేస్తే తీరింది. ఇనుము సమస్య ప్రతి తరానికీ తిరిగి వస్తుంది.

తూర్పువాకిలి

అమెరికా వాళ్లు ఇక్కడే వేరే దారి పట్టారు. వాషింగ్టన్ కాపిటల్‌కు (అమెరికా చట్టసభ భవనానికి) పాత కలప గుమ్మటం తీసేసి, 1855 నుంచి థామస్ వాల్టర్ పోత ఇనుముతో కొత్తది లేపాడు. ఇనుము బరువు సుమారు 4,040 టన్నులు. పాత రొటుండా (గుమ్మటం కింది గుండ్రటి హాలు) గోడల మీద అంత ఎత్తు రాతి గుమ్మటం పెట్టడం కుదిరే పని కాదు. పాంథియోన్‌లాగే చుట్టూ స్తంభాల వరుస, ఇక్కడ 36. రాయిలా కనబడేట్టు రంగు వేశారు. తుప్పు ఇక్కడా ఉంది, కానీ లోపలికి మనిషి వెళ్లి పలకనీ బోల్టునీ చూడగలడు, గీకి రంగు వేయగలడు. రాతి లోపల పూడ్చిన కడ్డీని ఎవరు చూస్తారు?

ఒక లోపం మిగిలింది. కొత్త గుమ్మటం అంచు తూర్పు మండపం మీదికి జరిగినట్టు కనబడేది. 1958–62 మధ్య ఆ ముఖాన్ని 10 మీటర్లకు కొంచెం తక్కువగా ముందుకు జరిపి కట్టి, పాత ఇసుకరాతి స్తంభాలు తీసేశారు.

ప్లాను_పుస్తకం

హైదరాబాద్ కోఠీ రెసిడెన్సీ మండపంలో కూడా ఇలా ఇనుము ఉంటుందా?

సున్నపుబట్టీ

ఆ పోలిక అక్కడికి పెట్టకండి. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కోసం శామ్యూల్ రస్సెల్ కట్టించినది అది. ఇటుక మీద సున్నపు గచ్చు పని. చెక్కిన రాళ్లను కొక్కేలతో కుట్టిన కట్టడం కాదు కాబట్టి అక్కడ ముందు చూడాల్సింది నీటి కారుడు, కలప దూలాల కొనలు గోడలో కూర్చున్న చోటు కుళ్లడం, సున్నం మీద ఎవరైనా సిమెంటు పూశారా అన్నది. సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది, గచ్చు పలకలుగా ఊడుతుంది.

రాతిగీత

దిమ్మెలకు తిరిగి వద్దాం. 19వ శతాబ్దం మొదట్లో రోండ్లే చేసిన మరమ్మతు చూడండి. కమానులకు కింద సెంట్రింగ్ ఊతం పెట్టి, చెడిన రాళ్లు మార్చి, అతుకు స్తంభాలను మింగేసేలా దిమ్మెల్ని లావు చేశాడు. తప్పు దర్జులదే అని రాసినవాడే మందం పెంచాడు. దర్జులు మాత్రమే కారణమైతే రాళ్లు సరిగ్గా పేర్చి పాత ఆకారమే ఉంచవచ్చు కదా?

దూలం_కమాను

పైన గుమ్మటం నిలబడి ఉండగా దిమ్మెను మొత్తం విప్పి మళ్లీ పేర్చడం ఎలా కుదురుతుందండీ? లోపలి గుల్ల దర్జులు అలాగే ఉండిపోతాయి. వాటి బరువు పంచుకోవడానికి బయట కొత్త రాయి చేర్చడమే మిగిలిన దారి. అది సూఫ్లో కొలత తప్పని రుజువు కాదు, విప్పలేని పనికి వేసిన ఆసరా. కాకపోతే మూడు స్తంభాల మధ్య నుంచి కనబడాల్సిన ఖాళీ దానితో పోయింది.