ఓబియాను చేతబడి అని తెనిగించవచ్చా?

అందరికీ నమస్కారం. జమైకా చరిత్ర మీద ఒక వ్యాసానికి వచ్చిన తెలుగు అనువాదం దిద్దుతున్నాను. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "1898లో జమైకాలో చేతబడి నిషేధ చట్టం వచ్చింది." చదవడానికి ఇబ్బందేమీ లేదు. కానీ ఇంగ్లీషు మూలంలో ఉన్న మాట ఓబియా, అంటే కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా సంతతివారి మందు, మంత్రం, సోది వంటివాటికి వాడే పేరు. రెండు రోజులుగా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను.

నా అభ్యంతరం ఇది. చేతబడి అంటే ఎదుటివాడికి కీడు చేయడమే. మంచి చేతబడి అని ఎవరూ అనరు. ఓబియా అలాంటిది కాదు. జమైకాలో ఓబియా తెలిసిన మనిషి దగ్గరికి జ్వరానికి ఆకుమందు కోసం వెళ్లేవాళ్లు. పోయిన వస్తువు ఎక్కడుందో అడగడానికి, కోర్టు కేసు గెలవడానికి, ఇంటికి పట్టిన పీడ వదిలించుకోవడానికి వెళ్లేవాళ్లు. పగ తీర్చుకోవడానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు, అది దాచక్కర్లేదు. సురినామ్‌లో బానిసత్వం తప్పించుకుని అడవుల్లోకి పారిపోయి స్థిరపడిన మెరూన్ల భాషల్లో అయితే ఓబియా అంటే మందు, కాపాడే శక్తి.

మాట పుట్టుక మీద పండితులు ఒక మాట మీద లేరు. ఘనా ప్రాంతపు ట్వి భాషలో "ఒబాయిఫో" అంటే మంత్రగత్తె లేదా మంత్రగాడు, అక్కడి నుంచి వచ్చిందని ఒక వాదం. నైజీరియాలోని ఇగ్బో భాషలో "డిబియా" అంటే వైద్యం, సోది రెండూ తెలిసినవాడు, దాని నుంచి వచ్చిందని ఇంకో వాదం. మొదటిది పట్టుకుంటే మాటలోనే చెడు ఉంది. రెండోది పట్టుకుంటే మాటలో విద్య ఉంది. మనం ఏ తెలుగు మాట ఎంచుకుంటే ఆ వాదం వైపు తూగినట్టే. మీరేమంటారు?

*

ఒక సభ్యుడి వ్యాఖ్య: మాస్టారూ, ఓబియా అని అలాగే ఉంచేస్తే ఎవరికి అర్థమవుతుంది? చదివేవాడు ఆగిపోతాడు. చేతబడి వద్దనుకుంటే క్షుద్రవిద్య అనండి, పేపర్లలో రోజూ కనిపించే మాటే కదా.

నా జవాబు: క్షుద్రం అంటేనే నీచం, అల్పం అండి. పేరులోనే తీర్పు ఇచ్చేసినట్టు అవుతుంది. ఆ తీర్పు ఎవరిదో చూడండి. ఓబియా పేరు పెట్టి చేసిన మొదటి చట్టం జమైకాలోనే 1760లో వచ్చింది. ఆ ఏడాది ఈస్టర్ రోజుల్లో సెయింట్ మేరీ ప్రాంతంలో టాకీ అనే నాయకుడి వెంట బానిసలు తిరగబడ్డారు. తుపాకి గుండ్లు తగలకుండా ఉండేందుకు ఓబియా మనిషి ఒకడు వాళ్లకు మంత్రించిన పొడి ఇచ్చాడని అప్పటి తోటల యజమానులు రాసుకున్నారు. తిరుగుబాటును అణిచాక అదే ఏడాది చివర్లో అక్కడి శాసనసభ చట్టం చేసింది. ఆ సభలో కూర్చున్నది తోటల యజమానులే.

చట్టంలో ఏకంగా వస్తువుల జాబితా ఉంది: నెత్తురు, ఈకలు, చిలక ముక్కులు, కుక్క పళ్లు, మొసలి పళ్లు, పగిలిన సీసాలు, సమాధి మట్టి, రమ్ము, కోడిగుడ్డు పెంకులు. ఇవి వాడుతూ దొరికిన బానిసకు మరణశిక్ష, లేదంటే దీవి నుంచి దూరంగా పంపేయడం. భయపడ్డవాళ్లు భయంతో రాసిన నిర్వచనం అది. దాన్నే మనం తెలుగులో క్షుద్రం అంటే, ఆ యజమానుల పక్కన కూర్చుని రాసినట్టు ఉంటుంది నాకు.

*

ఇంకొకరి వ్యాఖ్య: నేను లా చదివాను. ఓబియా కంటే ఆ చట్టంలోని "ప్రిటెండ్" అనే క్రియ ముఖ్యమనిపిస్తోంది. అనువాదంలో దాన్ని ఏం చేశారు?

నా జవాబు: చాలా మంచి ప్రశ్న, థాంక్స్ అండి. డ్రాఫ్టులో "అతీత శక్తులు ఉన్నట్టు నటించేవారు" అని ఉంది. ఇప్పటి ఇంగ్లీషుకు అది సరిపోతుంది. కానీ 18వ శతాబ్దంలో ఆ క్రియకు "నాకు ఉంది అని చెప్పుకొను" అనే అర్థం కూడా గట్టిగా ఉండేది. సింహాసనం నాది అని వాదించిన రాజవంశీకుణ్ణి "ప్రిటెండర్" అనేది అందుకే. అతను నటుడు కాదు, హక్కుదారుణ్ణని చెప్పుకున్నవాడు.

ఈ తేడా చిన్నది కాదు. బ్రిటన్‌లో 1735లో మంత్రవిద్య చట్టాన్ని మార్చారు. మంత్రవిద్య నిజమని నమ్మి మనుషులను ఉరితీయడం ఆపి, అలాంటి శక్తి ఉందని చెప్పుకునేవాళ్లకు ఏడాది జైలు అన్నారు. పాతికేళ్ల తర్వాత అదే సామ్రాజ్యంలో, అదే క్రియతో, జమైకా బానిసకు మరణశిక్ష. 1834లో బానిసత్వం రద్దయ్యాక ఈ నేరం క్రమంగా మోసం, దేశదిమ్మరితనం లెక్కలోకి మారింది. అందుకే నేను 1760 చట్టానికి "చెప్పుకొను", 1898 చట్టానికి "ఉన్నట్టు నమ్మించు" వాడదామనుకుంటున్నాను.

1898 చట్టం చదువుతుంటే మాత్రం మనసు కలుక్కుమంది. ఓబియా సాధనం అంటే ఏదైనా వస్తువు కావచ్చు, దానికి అతీత శక్తి ఉందని వాడేవాడు చెబితే చాలు. అది ఇంట్లో దొరికితే ఓబియా చేసేవాడి కిందే లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. శిక్ష జైలు, పైగా కొరడా దెబ్బలు. కొరడా శిక్షను 2013లో తీసేశారు, నేరాన్ని మాత్రం అలాగే ఉంచారు.

ఇంకో సంగతి. ఆ చట్టం ప్రకారం ఓబియా అన్నా మయాల్ అన్నా ఒకటే. మయాల్ వాళ్లు ఎవరనుకున్నారు? 1840ల ప్రాంతంలో జమైకాలో ఊరూరా తిరిగి, పాతిపెట్టిన ఓబియాను తవ్వి తీసి కీడు వదిలిస్తామన్నవాళ్లు! చేతబడి చేసేవాణ్ణి, చేతబడి తీసేవాణ్ణి చట్టం ఒకే మాటలో కట్టేసింది. ఇక ఆ మాటకు "చేతబడి" ఎలా సరిపోతుంది?

*

ఒక సభ్యురాలి వ్యాఖ్య: సర్, మన "ఎరుక" గుర్తొచ్చింది. ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. ఎరుక చెప్పడం అంటే సోది చెప్పడం. మీరు డిబియా గురించి రాసింది చదవగానే మా అమ్మమ్మ ఊళ్లో "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అని వచ్చే ఆవిడ కళ్ల ముందు కనిపించింది.

నా జవాబు: అమ్మా, ఈ చర్చలో నాకు దొరికిన అన్నిటికన్నా మంచి మాట ఇదే. డిబియా మాటను విడదీసి "విద్యకు అధిపతి" అని అర్థం చెప్పేవాళ్లు ఉన్నారు. తెలుసుకోవడానికీ జోస్యానికీ ఒకే మాట కావడం మన భాషకూ కొత్త కాదన్నమాట. పైగా బ్రిటిష్ వాళ్ల నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్ల పేరూ ఎక్కింది. అది వేరే చట్టం, వేరే కథ, రెంటినీ కలపను. అయినా ఓబియాకు ఎరుక పూర్తిగా సరిపోదు. అందులో మందు ఉంది, తాయెత్తు ఉంది, శాపమూ ఉంది. వివరణలో మాత్రం మీ మాట తప్పకుండా వాడతాను.

*

మరొక వ్యాఖ్య: ఇది జమైకా సంగతేనా? మిగతా దీవుల్లో కూడా ఇలాంటి పేర్ల గొడవ ఉందా?

నా జవాబు: ఉందండి. ట్రినిడాడ్‌లో 1917లో "షౌటర్స్" నిషేధ ఆర్డినెన్స్ వచ్చింది. సెయింట్ విన్సెంట్‌లో అంతకు ముందే, 1912లో, "షేకర్స్" మీద తెచ్చారు. కేకలు వేసేవాళ్లు, ఒళ్లు ఊపేవాళ్లు అని అర్థం. ఇవి బయటివాళ్లు పెట్టిన వెక్కిరింపు పేర్లు. వాళ్లు తమను తాము స్పిరిచువల్ బాప్టిస్టులు అంటారు. క్రైస్తవ ప్రార్థనే, కానీ గంట, తలకు కట్టుకున్న గుడ్డ, పూనకం, ఆఫ్రికా నుంచి వచ్చిన లయ అందులో ఉన్నాయి. ట్రినిడాడ్ చట్టం ప్రకారం ఇద్దరు కలిసి ఆ పద్ధతిలో ప్రార్థించినా అది "సమావేశమే". వాళ్లు తమను ఏ పేరుతో పిలుచుకున్నా సరే, అది షౌటర్ల ఆచారమా కాదా అన్నది మేజిస్ట్రేటు మాటే చివరి మాట. మన పేరు మనం చెప్పుకున్నా చెల్లదన్నమాట. 1951 మార్చి 30న ఆ చట్టం రద్దయింది. ఇప్పుడు ట్రినిడాడ్‌లో ఆ తేదీ జాతీయ సెలవు, సెలవు పేరులో "షౌటర్" అన్న మాటను వాళ్లే గర్వంగా ఉంచుకున్నారు. అందుకే దీన్ని "కేకలవాళ్లు" అని తెనిగించడం నాకు ఇష్టం లేదు.

మనవాళ్ల ప్రస్తావన కూడా ఒకటి. కలకత్తా, మద్రాసు రేవుల నుంచి ఒప్పంద కూలీలుగా ట్రినిడాడ్, గయానా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ భారతీయ మంత్రగాళ్ల మీద కూడా ఓబియా కేసులు పెట్టారు. ఆఫ్రికా మాట భారతీయుడి మీద నేరమైంది. చట్టం చేతిలో అది ఒక ఆచారం పేరుగా మిగల్లేదు, పోలీసు ఫైలు మీద అంటించే చీటీ అయిపోయింది.

*

అందరికీ కృతజ్ఞతలు. వాక్యాన్ని ఇలా మార్చాను: "1898లో జమైకాలో ఓబియా చట్టం వచ్చింది." కింద వివరణ: "ఓబియా: కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా సంతతివారి వైద్యం, ఎరుక, రక్ష, శాపం కలిసిన విద్యలకు వాడే పేరు. వలస చట్టాలు దీన్ని నేరంగా నిర్వచించాయి." ఇందులో "విద్యలు" అన్న చోట "ఆచారాలు" మేలంటారా? సోమవారం ప్రూఫ్ పంపాలి, ఆలోపు చెప్పండి.