దాచుకోవడానికీ ఖర్చు పెట్టుకోవడానికీ ఒకే వాలెట్ సరిపోతుందా?

మొదటిమెట్టు
ఇంతకాలం నా దగ్గరున్న క్రిప్టో అంతా ఎక్స్ఛేంజ్‌లోనే (కొనే, అమ్మే వేదికలోనే) వదిలేశాను. పోయిన నెల అది నిర్వహణ పనుల పేరుతో నాలుగు రోజులు ఉపసంహరణలు ఆపేసింది. ఆ నాలుగు రాత్రులూ కంటిమీద కునుకు లేదు. ఇక సొంత వాలెట్‌కు మారాలని నిశ్చయించుకున్నాను. కొంత బిట్‌కాయిన్ ఉంది, దాన్ని ఏళ్ల తరబడి కదపను. చేసిన పనికి నెలనెలా యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెం) వస్తుంది, అందులోంచే ఖర్చు పెట్టుకోవాలి. ప్రస్తుతానికి ఫోనులో ఒక వాలెట్ పెట్టుకుని, అది ఇచ్చిన 12 సీడ్ పదాలను (వాలెట్‌ను తిరిగి తెప్పించే తాళం లాంటివి) ఆరేసి చొప్పున రెండు కాగితాల మీద రాసి రెండు వేర్వేరు చోట్ల దాచాను.

నా సందేహాలు: రెండు అవసరాలకూ ఒకే వాలెట్ చాలా, రెండు కావాలా? హార్డ్‌వేర్ వాలెట్ (తాళాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచే చిన్న పరికరం) కొనక తప్పదా? చిన్న మొత్తాలు పంపేటప్పుడు ఫీజుల సంగతి ఏమిటి? రేపు నాకేమైనా అయితే ఇదంతా మా ఆవిడ చేతికి ఎలా అందుతుంది?

పాతకాపు
2013 నుంచి ఇందులో ఉన్నాను కాబట్టి సూటిగా చెబుతాను. 2014లో మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ దివాలా తీసినప్పుడూ, 2022లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ కూలినప్పుడూ మునిగినవారిలో ‘రేపు తీసుకుందాంలే’ అనుకున్నవారు ఎందరో. మీరు ఇప్పటికైనా కదిలారు, సంతోషం. హార్డ్‌వేర్ వాలెట్ కొనండి, నేరుగా తయారీదారు దగ్గరే కొనండి. పెట్టెలో ముందే రాసి ఉంచిన సీడ్ పదాలు కనిపిస్తే ఆ పరికరాన్ని ముట్టుకోకండి.

ఇక ఆరేసి పదాలుగా చీల్చడం చాలా పెద్ద తప్పు. ఒక కాగితం దొంగకు చిక్కితే సగం తాళం తెరుచుకున్నట్టే. మిగతా సగం కంప్యూటర్ చూసుకుంటుంది.

గణితాభిమాని
తప్పే, కానీ మీరు చెప్పిన కారణం వల్ల కాదు. సీడ్ పదాలను ఎంచే బిప్-39 అనే ప్రామాణిక జాబితాలో 2048 పదాలున్నాయి, అంటే ఒక్కో పదానికి 11 బిట్లు (ఒక్కో బిట్‌కు అవకాశాలు రెట్టింపు). ఆరు పదాలు తెలియకపోతే 66 బిట్లు. చెక్‌సమ్‌కు (పదాలు సరిపోయాయో లేదో చూసే భాగానికి) పోయే 4 బిట్లు తీసేసినా 62 మిగులుతాయి. అంటే సుమారు 46 లక్షల లక్ష కోట్ల అవకాశాలు, ఒక్కొక్కటీ సరిచూడటానికి 2048 విడతల హాషింగ్ అనే లెక్క. మామూలు దొంగ వల్ల అయ్యే పని కాదు.

అసలు ప్రమాదం రెండో వైపు ఉంది. ఆ రెండు కాగితాల్లో ఏది పోయినా మొత్తం పోయినట్టే. దొంగకు భయపడి, పోగొట్టుకునే దారులను రెట్టింపు చేసుకున్నారు.

చిల్లరఖర్చు
ఫీజుల గురించి అడిగారు కాబట్టి నా బాధ చెప్పుకుంటాను. మొదటిసారి యూఎస్‌డీటీని ట్రాన్ నెట్‌వర్క్ మీద నా వాలెట్‌కు తెచ్చుకున్నాను. నిల్వ చక్కగా కనిపిస్తోంది, పంపబోతే పోవడం లేదు. ఆ నెట్‌వర్క్‌లో ఫీజు దాని సొంత నాణెం టీఆర్ఎక్స్‌లో కట్టాలి, నా దగ్గర అది రవ్వంత కూడా లేదు. ఎక్స్ఛేంజ్‌లో ఫీజు పంపే నాణెంలోంచే కోసేవారు, ఇక్కడా అంతే అనుకున్నాను. డబ్బు కళ్లముందే ఉండగా అత్యవసరంలో మూడు రోజులు అప్పు మీద నడిచాను. ఇథీరియం మీద పెట్టుకుంటే ఈథర్ ఉండాలి. ఏ నెట్‌వర్క్ వాడితే ఆ నెట్‌వర్క్ నాణెం కొంచెం ఎప్పుడూ అట్టిపెట్టుకోండి. నేను చదివిన ఏ వాలెట్ల పోలికలోనూ ఈ ముక్క లేదు.

పాతకాపు
గణితాభిమాని తమ్ముడూ, లెక్కలు వేరు, అనుభవం వేరు. విడగొట్టాలంటే ఒక పద్ధతి ఉంది. మూడు కార్డులు తీసుకోండి, ఒక్కో కార్డు మీద ఎనిమిది పదాలు, ఏ రెండు కార్డులు కలిపినా పన్నెండూ వచ్చేలా రాయండి. ఒకటి పోయినా నష్టం లేదు, ఒకటి దొంగకు దొరికినా వాడికి పనికిరాదు. ఏడేళ్లుగా నాది ఇదే పద్ధతి. కనీసం ఇరవై మందికి నేర్పించాను.

గణితాభిమాని
నేను తమ్ముడిని కాను, మహిళను. అది పక్కన పెడితే, మీరు ఇరవై మందికి నేర్పించింది ప్రమాదకరమైన పద్ధతి.

ఎనిమిది పదాలు దొరికితే తెలియనివి నాలుగే. 44 బిట్లలో చెక్‌సమ్ పోగా 40. అంటే సుమారు లక్షా పది వేల కోట్ల అవకాశాలు. సంఖ్య పెద్దదిగా వినిపిస్తుంది, కంప్యూటర్‌కు పెద్దది కాదు. 2020లో ఒక పోటీలో పన్నెండింటిలో ఎనిమిది పదాలు బయటపెట్టినప్పుడు జాన్ కాంట్రెల్ అనే ఆయన అద్దెకు తీసుకున్న గ్రాఫిక్స్ కార్డులతో దాదాపు 30 గంటల్లో మిగతా నాలుగూ కనిపెట్టి ఒక బిట్‌కాయిన్ గెలుచుకున్నారు. సరిగ్గా మీ కార్డు మీద ఉన్నన్ని పదాలే. 24 పదాల సీడ్‌ను ఇలా మూడు కార్డుల మీద రాస్తే తెలియనివి ఎనిమిది, 80 బిట్లు మిగులుతాయి, అది వేరే విషయం. మీవి 12 పదాలా, 24 పదాలా?

ఉక్కురేకు
ఎన్ని ముక్కలైనా చేయండి, కాగితం మీద మాత్రం వద్దు. మా ఇంట్లో గొట్టం పగిలి అలమర తడిసింది. సిరా అలుక్కుపోయి తొమ్మిది పదాలే పూర్తిగా మిగిలాయి. మిగతా మూడింటిలో మొదటి నాలుగు అక్షరాలు కనబడటం వల్ల గట్టెక్కాను, ఆ జాబితాలో మొదటి నాలుగు అక్షరాలు ఏ రెండు పదాలకూ ఒకటిగా ఉండవు. మర్నాడే స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు మీద సుత్తితో అక్షరాలు కొట్టుకున్నాను. అల్యూమినియం రేకులు కొనకండి, 660 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. స్టీలు కరగాలంటే 1400 డిగ్రీల దాకా పోవాలి.

పాతకాపు
నా దగ్గర ఎన్ని పదాలున్నాయో నలుగురిలో చెప్పుకోను. ఆ పోటీలో పదాలను నిర్వాహకులే లోకానికి చాటారు. నా కార్డు ఎక్కడుందో ఎవరికి తెలుసు? పుస్తకాలు చదివి పదేళ్ల అనుభవాన్ని తప్పుపట్టడం తేలిక.

గణితాభిమాని
ఎవరికీ దొరకదని అంత నమ్మకముంటే మూడు ముక్కలు చేయడం ఎందుకండీ? దొరకవచ్చనే కదా చేశారు. ముక్కలే కావాలంటే రహస్యాన్ని గణితంతో భాగాలు చేసే షమీర్ పద్ధతి, అదే స్లిప్-39, వాడండి. ఏ రెండు భాగాలైనా చాలు అని పెట్టుకుంటే, ఒక్క భాగం చేతికి చిక్కినవాడికి అసలు రహస్యంలో ఒక్క బిట్ కూడా తెలియదు. కార్డుల పద్ధతిలో మూడింట రెండు వంతులు తెలిసిపోతుంది. ఈ తేడా చిన్నది కాదు.

నిశాచరి
పదాలను ఎలా దాచాలి అనే ముందు అవి ఎలా పుట్టాయో చూడండి. లిబ్‌బిట్‌కాయిన్ అనే సాఫ్ట్‌వేర్ పనిముట్టులో సీడ్ తయారుచేసే భాగం నిజానికి 32 బిట్ల యాదృచ్ఛికతే వాడేదని 2023లో బయటపడింది. అంటే 430 కోట్ల లోపు అవకాశాలు. 24 పదాలు రాసుకుని పదిలంగా దాచుకున్నవారికీ డబ్బు పోయింది.

ముగ్గురిలోఇద్దరు
ఎవరో ఒకరు మల్టీసిగ్ (డబ్బు కదపడానికి ఒకటికి మించి తాళాలు కావలసిన పద్ధతి) అంటారు కాబట్టి ముందే హెచ్చరిస్తాను. మూడు తాళాల్లో రెండు ఉంటే చాలు అని నేనూ అమర్చుకున్నాను. ఒక పరికరం, దాని పదాలు రెండూ పోయాయి. మిగిలిన రెండు సీడ్‌లూ భద్రంగానే ఉన్నాయి, అయినా వాలెట్ తిరిగి రాలేదు. సంతకానికి రెండు తాళాలు చాలు, కానీ ఆ చిరునామాలను మళ్లీ నిర్మించడానికి మూడింటి పబ్లిక్ కీలూ (ఒక్కో తాళంలో రహస్యం కాని భాగం) కావాలి. పాత లాప్‌టాప్‌లో వాలెట్ అమరిక ఫైలు దొరికింది కాబట్టి బతికిపోయాను. అది వెతికిన పదకొండు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. మల్టీసిగ్ పెట్టుకుంటే ఆ ఫైలు ప్రతిని ప్రతి సీడ్ పక్కనా ఉంచండి.

మెరుపుతీగ
అడిగినది వాలెట్ ఎంపిక గురించి, చర్చంతా పదాల చుట్టూ తిరుగుతోంది. నా మాట: రెండు వాలెట్లు. దాచేది హార్డ్‌వేర్‌లో, ఖర్చుది ఫోనులో. ఫోనులో జేబులో పెట్టుకు తిరగగలిగినంతే ఉంచండి. బిట్‌కాయిన్‌లో ఫీజు పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, లావాదేవీ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. చిన్న చిన్న మొత్తాలు ఇరవై సార్లు అందుకుంటే, అవన్నీ కలిపి పంపేటప్పుడు ఇరవై ఇన్‌పుట్లకూ, అంటే అందుకున్న ఒక్కో మొత్తానికీ, ఫీజు పడుతుంది. అందుకే చిల్లర ఖర్చుకు లైట్‌నింగ్ (చిన్న మొత్తాల కోసం బిట్‌కాయిన్ మీద కట్టిన నెట్‌వర్క్) వాడండి. అదీ తాళంచెవి మీ దగ్గరే ఉండే వాలెట్‌లో. లైట్‌నింగ్ అని పేరు పెట్టుకుని డబ్బు తమ దగ్గరే ఉంచుకునేవి ఉన్నాయి, అవి మళ్లీ ఎక్స్ఛేంజ్ లాంటివే.

చిల్లరఖర్చు
ఆయన ఖర్చు పెట్టేది యూఎస్‌డీటీ అని స్పష్టంగా రాశారు, లైట్‌నింగ్ ఆయనకు ఎందుకు? దాని బదులు ఇది చెప్పండి: పాత లావాదేవీల జాబితాలోంచి చిరునామా కాపీ చేయవద్దని. మనం తరచూ పంపే చిరునామాకు మొదటి, చివరి అక్షరాలు సరిపోయేలా ఇంకో చిరునామా తయారుచేసి, దాన్నుంచి సున్నా మొత్తం పంపి మన జాబితాలో చొరబడే మోసగాళ్లున్నారు. మా మిత్రుడు ఒక నెల జీతం అలా పంపేశాడు. మధ్య అక్షరాలు కూడా చదవండి.

మొదటిమెట్టు
అందరికీ కృతజ్ఞతలు. హార్డ్‌వేర్ వాలెట్ వచ్చేలోపు నా కాగితాలు పనిచేస్తాయో లేదో చూద్దామని, అవే 12 పదాలు ఇంకో వాలెట్‌లో ఎక్కించాను. బిట్‌కాయిన్ నిల్వ సున్నా చూపిస్తోంది. చేతులు వణుకుతున్నాయి. దయచేసి ఎవరైనా చెప్పండి.

నిశాచరి
భయపడకండి. మొదటి వాలెట్‌లో మీ చిరునామా 3తో మొదలవుతుందా, ‘బీసీ1’తోనా? పదాల నుంచి చిరునామాలు తయారుచేసే పద్ధతినే దారి అంటారు. 3 అయితే బిప్-49 దారి, ‘బీసీ1క్యూ’ అయితే బిప్-84. పదాలు ఒకటే అయినా దారి మారితే చిరునామాలు మారతాయి. కొత్త వాలెట్ వేరే దారిలో వెతుకుతోంది. అమరికల్లో ఆ దారిని, అంటే డెరివేషన్ పాత్‌ను, మార్చండి.

మొదటిమెట్టు
3తోనే మొదలవుతుంది. మార్చగానే మొత్తం కనిపించింది. మీ మేలు మరచిపోను. ఈ దారి సంగతి కూడా కాగితం మీద రాశాను. కానీ ఇవాళ నాకే ఇలా అయిందంటే, మా ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు ఏమవుతుంది? ఆ నాలుగో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

మౌనపాఠకుడు
ఎప్పుడూ రాయను, దీనికి రాయాలనిపించింది. మా అన్నయ్య పోయాక డైరీలో 24 పదాలు దొరికాయి. ఎక్కించాం, వాలెట్ తెరుచుకుంది, సున్నా. ఎన్ని దారులు మార్చినా సున్నాయే. పదాలకు తోడు ఆయన పాస్‌ఫ్రేజ్ (సొంతంగా ఎంచుకున్న అదనపు రహస్య మాట) కూడా పెట్టుకున్నాడని తర్వాత ఆయన స్నేహితుడి ద్వారా తెలిసింది. పాస్‌ఫ్రేజ్ తప్పుగా కొడితే ‘తప్పు’ అని రాదు, ఇంకో ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. రెండేళ్లుగా వదిన తనకు గుర్తొచ్చిన మాటలన్నీ కొట్టి చూస్తూనే ఉంది.

మీరు ఒక ఉత్తరం రాయండి. పదాలు అందులో వద్దు. ఏయే వాలెట్లున్నాయి, పదాలు ఎక్కడున్నాయి, పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా, ఏ దారి, ఎవరిని నమ్మవచ్చు అన్నవి ఉండాలి. చిన్న మొత్తంతో ఒక వాలెట్ పెట్టి, దాన్ని చెరిపేసి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా, ఆమె చేతే తిరిగి తెప్పించండి.

పాతకాపు
నావి 12 పదాలే. మూడు రోజులు ఆలోచించాను. నిన్న రాత్రి పరికరం చెరిపి, కొత్తగా 24 పదాలతో మొదలుపెట్టి మొత్తం తరలించాను. నేర్పించినవారిలో పద్నాలుగు మందికి ఫోను చేశాను, మిగతావారికి చేస్తాను. పాత కార్డులు కాల్చేశాను. గణితాభిమాని గారూ, తమ్ముడూ అన్నందుకు క్షమించండి.

గణితాభిమాని
క్షమాపణ ఎందుకండీ, పద్నాలుగు మందికి ఫోను చేశారు కదా. కానీ పాత కార్డులు ఎందుకు కాల్చారు? మీ పాత చిరునామా ఎవరి దగ్గరైనా ఉండి, రేపు దానికే డబ్బు పంపితే?

పాతకాపు
ఉంది. ఏటా రెండుసార్లు నాకు పంపేవారు ఒకరున్నారు, ఆ సంగతి తట్టలేదు. ఆయనకు కొత్త చిరునామా ఈ రోజే పంపుతాను. కార్డుల్లో రెండే కాల్చాను, మూడోది వేరే ఊళ్లో ఉంది.

గణితాభిమాని
అయితే దాన్ని కాల్చకండి. దాని మీద ఎనిమిది పదాలున్నాయి. ఆయన పొరపాటున పాత చిరునామాకే పంపితే మిగతా నాలుగూ వెతుకుదాం, లక్షా పది వేల కోట్లే కదా. ఒక్కో పదం ఎన్నో స్థానంలోదో ఆ కార్డు మీద రాసి ఉందా?

పాతకాపు
ఉంది.